కచేరి సున్నం

మా మైసయ్య తాత సున్నపు మేస్త్రీ. మా ఊర్ల కోరుట్లకు పోయే రోడ్డు మీద పాత కచేరి ఉండేది. నిజాం జమానాల కట్టిన తహసీల్ ఆఫీసు. తాత సగం బతుకు దాని గోడల దగ్గరనే గడిచింది.

రెండు మూరల మందం రాతి గోడలు. ముందర ఏడు కమాన్లు, వాటి వెనుక పొడుగు వరండా. పైన టేకు దూలాలు, దూలాల మీద సున్నపు గచ్చు. నడి ఎండాకాలం లోపలికి పోయినా నీళ్ల కుండ పక్కన కూసున్నట్టు ఉండేది. ఎద్దు గానుగల సున్నం నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి పూసిండ్రట. పూసినోళ్లల్ల తాత వాళ్ల తాత ఒకడు.

మా ఇంటి వెనుక గుంతల కూడ సున్నం నానుతుండేది. రోజూ పొద్దున తాత అందుల బిందెడు నీళ్లు పోసేటోడు. సున్నం ఎన్నేండ్లు నానితే అంత గట్టిగ పట్టుకుంటదట. కచేరికి మళ్ల మరమ్మతు వస్తే పూయాలని పదకొండేండ్ల సంది దాచిండు.

దానికి కారణం ఉంది. అంతకు ముందటేడు వరండా చివరి గోడ పెచ్చులూడితే, కాంట్రాక్టరు సిమెంటు పుయ్యమన్నడు. సున్నపు గోడకు సిమెంటు పూస్తే తేమ బయటికి రాదు, గోడ లోపల్లోపల కుళ్లుతది. తాతకు తెలుసు. కానీ ఆ ఏడు ఎక్కడా పని లేదు. పూసిండు. ఏడాది తిరగకముందే ఇంటెనుక గుంత తవ్విండు.

నిరుడు ఆఫీసు కొత్త బిల్డింగుకు పోయింది. పాతదాన్ని ఉంచాల్నా, కూలగొట్టాల్నా చూసేటందుకు ఇంజనీరు వచ్చిండు. పంచనామాకు ఊరి మేస్త్రీ కావాలని కచేరి వాచ్‌మన్ ఎల్లేశం మా ఇంటికొచ్చిండు.

"పెండ్లానికన్న ఎక్కువ చూసుకున్నవు గద మైసన్నా, దాని సంగతి నువ్వే వచ్చి చెప్పు."

తాతకు చూపు తగ్గింది. చెయ్యి పట్టుకొని నేను పోయిన. తొమ్మిదో తరగతిల బడి మానేసిన ఆడపిల్లను, ఇంట్ల బీడీలు చేస్తున్న. బయటోళ్ల ముందు నాకు మాట రాదు.

తాత తాపీ పిడితో గోడ పొడుగూత కొట్టుకుంట, చెవి పెట్టి విన్నడు. అన్ని గోడలు గట్టిగ పలికినయి. చివరి గోడ పలకలే. అక్కడ ఆగిండు.

"సారూ, గీ ఒక్క గోడ చెడ్డది. సిమెంటు పూసి నేనే చెడగొట్టిన. దీన్ని విప్పి కట్టుకుంటే కచేరి ఇంక నూరేండ్లుంటది. సున్నం నా ఇంట్ల తయారుగ ఉంది."

"పెద్దమనిషి, నిజం ఒప్పుకున్నడు," అన్నడు ఇంజనీరు. పక్కనున్నాయన రాసుకున్నడు. రాసింది తాత చేతికిచ్చిండ్రు, తాత నాకిచ్చిండు.

"ఏం రాసిండ్రో చూడు బిడ్డా."

చదివిన. ఒక్క గోడ అని ఎక్కడా లేదు. కచేరి మొత్తం కుళ్లిపోయిందని, పని చేసిన మేస్త్రీనే ఆ మాట ఒప్పుకున్నడని ఉంది. తల ఎత్తితే ఏడెనిమిది మంది మొగోళ్లు నన్నే చూస్తున్నరు.

"కలెక్టరమ్మ సంతకం పెడ్తదో, వాపస్ పంపుతదో," అన్నడు ఎల్లేశం నా దిక్కు చూసి. అందరు నవ్విండ్రు.

కాగితం మడిచి తాతకిచ్చిన. "నువ్వు చెప్పిందే తాతా," అన్న.

తాత వేలిముద్ర వేసిండు.

నెల తిరిగేసరికి జేసీబీ వచ్చింది. సిమెంటు గోడ ఒక్క తోపుకే పడ్డది. మిగతాది కూల్చేసరికి మూడు రోజులు పట్టింది. కమాన్ల కాడ జేసీబీ పన్ను ఒకటి విరిగితే, డ్రైవరు దిగి, గోడను చేత్తో తడిమి, మళ్ల ఎక్కిండు. తాత ఎదురుంగ చాయ్ హోటల్ బల్ల మీద మూడు రోజులు కూసున్నడు. కనబడకున్నా చప్పుడు వింటనే ఉన్నడు.

మూడోనాడు ఇంటికొస్తుంటే అడిగిండు.

"నేను ఒక్క గోడనే అన్న గద బిడ్డా?"

అప్పుడు చెప్పిన, కాగితంల ఏం రాసి ఉండెనో. తాత నా చెయ్యి ఇడువలే. నడుసుకుంటనే అన్నడు.

"సిమెంటు పుయ్యమన్ననాడు నాకు గూడ నోరు రాలే."

తెల్లారి తాత గుంత కాడికి పోలే. నేను బిందె ఎత్తుకుంటే, మంచంల నుంచే అడిగిండు.

"ఎవలికి బిడ్డా?"

బిందె దించిన. అవి ఎండలు ముదిరే రోజులు. వారం తిరగకముందే గుంతల సున్నం నెర్రెలు బాసింది.