ఎర్ర కుళాయిలో చల్లనీళ్ళు

మస్కట్‌లో మే నెల వచ్చిందంటే చన్నీళ్ళ కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. ట్యాంకు డాబా మీద ఎండలో ఉంటుంది, పైపులు గోడ బయటినుంచి దిగుతాయి. అందుకని ఎండాకాలమంతా అక్కడ అందరం గీజర్ స్విచ్ ఆపేసి వేణ్ణీళ్ళ కుళాయి కింద బకెట్ పెట్టేవాళ్ళం. గీజర్ ఇంట్లో నీడపట్టున ఉంటుంది కదా, దాని కడుపులో రాత్రంతా నిలవున్న నీళ్ళు ఏసీ చలవకి చల్లబడేవి. నీలం బొట్టు కుళాయిలో సలసల కాగే నీళ్ళు, ఎర్ర బొట్టు కుళాయిలో చల్లనీళ్ళు. కొత్తగా కాపరానికి వెళ్ళినప్పుడు ఈ సంగతి విని పడీపడీ నవ్వాను. బాబు పుట్టాక వచ్చిన వేసవిలో ఆ నవ్వు కాస్తా ఏడుపైంది.

అవి తొంభైల మొదటి రోజులు. బాబుకి అప్పుడే ఏడాది నిండింది. ఒళ్ళంతా చెమటకాయలు, గోక్కుని గోక్కుని ఏడ్చేవాడు. రెండు పూటలా చల్లనీళ్ళు పొయ్యమంది డాక్టరమ్మ. సరిగ్గా అప్పుడే మా పాత గీజర్ అడుగు తుప్పుపట్టి కారడం మొదలెట్టింది. మేముండేది మా వారి కంపెనీ ఇచ్చిన ఫ్లాట్ కాబట్టి, ఊరి చివర ఘాలాలోని కంపెనీ వర్క్‌షాపు నుంచి ఫిట్టర్ వచ్చి, దాన్ని ఊడదీసి, రెండు పైపులూ కలిపేసి పోయాడు. ఇక రెండు కుళాయిల్లోనూ మంటే.

ఎదురు ఫ్లాట్‌లోదీ మా గీజర్ ఈడుదే. అదీ అప్పుడే కారింది. కానీ గోడౌన్‌లో కొత్తది ఒక్కటే ఉందట, అది తిన్నగా ఎదురింటికి వెళ్ళింది. ఆ ఇంటాయన కంపెనీలో మా వారికన్నా ఒక మెట్టు పైన. మా వారు నోట్లో నాలుక లేని మనిషి. ‘‘మనకీ వస్తుందిలే, బుక్రా అన్నారు’’ అనేవారు. అరబ్బీలో బుక్రా అంటే రేపని అర్థం. అది ఏ రేపో చెప్పే నాథుడు లేడు. తెల్లగా నిగనిగలాడుతూ ఆ కొత్త గీజర్ మా గుమ్మం ముందునుంచే ఎదురింట్లోకి వెళుతుంటే నా కడుపు భగ్గున మండింది. పసిపిల్లాడున్నది ఎవరింట్లో? నక్కతోక తొక్కింది ఎవరు?

ఎదురింటావిడది హైదరాబాదు. నాకన్నా పదేళ్ళు పెద్ద, అక్కయ్యగారూ అని పిలిచేదాన్ని. ఒక్కతే కూతురు, చదువు కోసం అక్కడే అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. మొదట్లో నేను బకెట్లలో నీళ్ళు పట్టి హాల్లో చల్లారబెట్టేదాన్ని. ఒకరోజు బాబు నిండు బకెట్ అంచు పట్టుకుని తల లోపలికి వంచేశాడు. ఒక్క ఉరుకున వెళ్ళి వెనక్కి లాగాను. ఆ సాయంత్రమే సిగ్గు విడిచి ఖాళీ బకెట్‌తో ఎదురింటి తలుపు కొట్టాను.

‘‘బకెట్ ఎందుకు మోస్తవమ్మా? బాబునే తీస్కరా, ఈడనే పోస్త’’ అందావిడ.

అలా మొదలైంది. రెండు పూటలా వాణ్ణి ఎత్తుకెళ్ళడం, ఆవిడ కాళ్ళు చాపుకుని బాత్రూములో కూర్చోవడం, వాణ్ణి ఒళ్ళో వేసుకుని చెంబుతో నీళ్ళు పోస్తూ ఏవో కబుర్లు చెప్పడం. నేను పోస్తే ఇల్లెగిరిపోయేలా ఏడ్చే నా కొడుకు అక్కడ కిలకిలా నవ్వేవాడు. చెమటకాయలు మాడిపోయాయి. సంతోషించాలి కదా? నేను తువ్వాలు పట్టుకుని హాల్లో కూర్చుని పళ్ళు నూరుకునేదాన్ని. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, కన్నకొడుక్కి కూడా అంతేనా? పోనుపోను సాయంత్రమయ్యేసరికి వాడే పాక్కుంటూ వెళ్ళి, ఎదురింటికి పోదామని మా తలుపు లోపల్నుంచి తట్టడం నేర్చాడు. గీజర్ మీది ఏడుపు ఎప్పుడో పోయింది. ఆవిడ నా పిల్లాణ్ణి లాగేసుకుంటోందని అసలు ఏడుపు పట్టుకుంది.

జూన్‌లో మా గీజర్ వచ్చింది. ముందురోజే ఎదురింటికి వెళ్ళి, ‘‘రేపట్నుంచి మీకు శ్రమ తప్పుతుందండి అక్కయ్యగారూ’’ అని తీయగా చెప్పొచ్చాను. ఆవిడ మొహం చిన్నబోయింది. నాకు హాయిగా అనిపించింది.

పొద్దున్నే ఫిట్టర్ వచ్చి బిగించి వెళ్ళాడు. సాయంత్రం బాబు బట్టలు విప్పి, ఎర్ర కుళాయి తిప్పి, అలవాటుగా చెయ్యి పెట్టాను. చురుక్కుమంది. పైకి చూస్తే గీజర్‌కి ఎర్రలైటు వెలుగుతోంది.

‘‘పనిచేస్తోందో లేదో చూద్దామని మధ్యాహ్నం భోజనానికొచ్చినప్పుడు వేశాను’’ అన్నారు మా వారు ఫోనులో. జూన్‌లో, మస్కట్‌లో, గీజర్ వేసిన మహానుభావుడు! ఆ నీళ్ళు చల్లారాలంటే మర్నాటిదాకా ఆగాలి. బాబు వీపు గోక్కుంటూ తలుపు వైపే పాకుతున్నాడు. చేసేదేముంది, ఎత్తుకుని వెళ్ళాను.

ఆవిడ తలుపు తియ్యగానే వాడు నా చేతుల్లోంచి ఒక్క దూకు దూకాడు. లోపల బకెట్ నిండుగా ఉంది.

‘‘రారని తెలుసు. అయినా చెయ్యి ఊరుకోలె, పట్టిన’’ అందావిడ. నీళ్ళు పోస్తూ, నా వైపు చూడకుండానే చెప్పింది. ‘‘మా పాప పొద్దుగాల ఫోన్ చేసిందమ్మా. సెలవులకి రాదంట. అమ్మమ్మను ఇడిచి ఉండలేనంటది. కన్నతల్లి మీదనే నాకు కుళ్ళు పుడ్తుందంటే నమ్ముతవా?’’

జాలి పడాల్సిన మాట. నాకు మాత్రం భయమేసింది. రేపు నా కొడుకూ ఇదే మాట నాతో అంటే? వాణ్ణి తుడిచీ తుడవకుండానే తువ్వాల్లో చుట్టుకుని వచ్చేశాను.

మర్నాటికి మా నీళ్ళు చల్లబడ్డాయి. వాణ్ణి నా కాళ్ళ మీద వేసుకున్నాను. వాడు మెలికలు తిరిగిపోయాడు. తలుపు వైపు చేతులు చాపి, ఊపిరి తిరగనంతగా ఏడ్చాడు. బతిమాలాను, కసిరాను, చివరికి నేనూ వాడితో పాటు ఏడ్చాను. తర్వాత వాణ్ణి చంకనేసుకుని వెళ్ళి ఎదురింటి తలుపు కొట్టాను.

‘‘మా ఇంటికి రండి అక్కయ్యగారూ. మా గీజర్‌లో నీళ్ళు చల్లగా ఉన్నాయి’’ అన్నాను.

ఆవిడ చెంగు బొడ్లో దోపుకుంటూ వచ్చి, మా బాత్రూములో కాళ్ళు చాపుకుని కూర్చుంది. వాణ్ణి ఆవిడ ఒళ్ళో పడుకోబెట్టాను. వాడు ఏడుపు ఆపి నవ్వాడు. ఆవిడ చెంబు కోసం చెయ్యి చాపింది.

‘‘మీరు రుద్దండి, నీళ్ళు నేను పోస్తాను’’ అన్నాను. చెంబు మాత్రం ఇవ్వలేదు.