పెద్దమ్మ గీయమన్న నాలుగో గడి

మా హాస్టల్ మెస్ పెద్దమ్మ మొన్న మంగళవారం చనిపోయింది. పొద్దున్నే డ్యూటీకి బయల్దేరుతూ తన గది గుమ్మంలోనే కూలబడిందట. గుండె అన్నారు. తార్నాకలో బస్సు దిగి నడుస్తుంటే కబురు ఫోన్లో వచ్చింది. మా పాత హాస్టల్ గ్రూపులో ఎవరో "పెద్దమ్మ ఇక లేదు" అని రాశారు. కింద వరసగా దండాలు.

నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. కనబడని మనిషిని "ఇక లేడు" అనడానికి బతికినంతకాలం ఒప్పుకోని మనిషి ఆమె. ఆమెను రెండు ముక్కల్లో తేల్చేస్తారా? ఈ కోపం మీకు అర్థం కావాలంటే ఒక క్రైమ్ సిరీస్ గురించి చెప్పాలి. నవ్వకండి, అక్కడే ఉంది అంతా.

అమ్మాయిల హాస్టల్లో ఆమె అన్నం వడ్డించేది. ప్లేటు చూసి మనిషి సంగతి చెప్పేది. పరీక్షల రోజుల్లో ఎవరైనా ముద్ద ముట్టకుండా లేస్తే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేది. "సదువు యాడికి పోదు, పప్పు సల్లారుతది. తిను ముందు" అనేది. ఆదివారం చికెన్ రోజున మాత్రం దయాదాక్షిణ్యాలు ఉండేవి కావు. రెండో లెగ్ పీసు అడిగామో, గరిటెతో గిన్నె అంచు మీద టంగున కొట్టేది. "కోడికి రెండే కాళ్లు బిడ్డా. నాలుగు చేసుడు నాతోని గాదు."

ఆదివారం మధ్యాహ్నం మెస్ కడిగాక, మర్నాటి కూరకు వెల్లుల్లి చేటలో పోసుకుని టీవీ రూముకి వచ్చేది. ఐదేళ్ల కిందటి మాట. మేమంతా ఒక తెలుగు సిరీస్ పిచ్చిలో ఉన్నాం. వారానికి ఒక ఎపిసోడ్. బొగ్గుగనుల ఊరు, ఎప్పుడు చూసినా వాన, అందులో ఒక్కడూ నవ్వడు. ఒక లారీ డ్రైవర్ మాయమవుతాడు. భార్య స్టేషన్ చుట్టూ తిరుగుతుంది. మంచివాళ్లనుకున్న వాళ్లంతా ఒక్కొక్కరే చెడ్డవాళ్లని తేలతారు. చివరి ఎపిసోడ్ చివరి నిమిషంలో ఎవరో ఆమె తలుపు కొడతారు. ఆమె లేచి, కొంగు సర్దుకుని, గడియ తీస్తుంది. తెర నల్లబడిపోతుంది. అంతే, అయిపోయింది.

టీవీ రూములో రభస మొదలైంది. లా చదివే అమ్మాయి దిండు విసిరికొట్టి, "నా ఎనిమిది ఆదివారాలు వాపస్ ఇయ్యమను!" అని అరిచింది. ఫిజిక్స్ అమ్మాయి ఆ చప్పుడు మూడుసార్లు వెనక్కి తిప్పి వినిపించి, అది లాఠీ చప్పుడేనని, శవం దొరికిందని చెప్పడానికి పోలీసులే వచ్చారని తీర్పు ఇచ్చింది. కాదు, తలుపు కింద నీడ చూడండి, హంతకుడే అంది ఇంకొకామె. బయట ఇంకా ఘోరం. దర్శకుడికి తిట్లు, ముగింపు విడమరిచి చెబుతామంటూ వీడియోలు. "దమ్ముంటే చెప్పు, సచ్చిండా, బతికిండా?" అని ఒకాయన సవాలు విసిరాడు. దానికి వేల లైకులు.

పెద్దమ్మ మాత్రం సగం ఒలిచిన వెల్లుల్లి రెబ్బ చేతిలో పట్టుకుని ఆ నల్ల తెరనే చూస్తూ కూర్చుంది. కాసేపటికి, "మంచిగ తీసిండు పిలగాడు" అని చేట ఎత్తుకుని వెళ్లిపోయింది.

నేనప్పుడు జర్నలిజంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ప్రేక్షకుల స్పందనే నా అంశం. దొరికిందిరా అవకాశం అనుకున్నాను! రెండు రోజుల్లో ప్రశ్నపత్రం తయారు చేశాను. తలుపు అవతల ఎవరున్నారు? మూడు గడులు. భర్త తిరిగొచ్చాడు. భర్త చనిపోయాడని చెప్పడానికి పోలీసులు వచ్చారు. హంతకుడు వచ్చాడు. ఏదో ఒకదానిలో టిక్కు పెట్టాలి. క్యాంపస్ అంతా పంచి, ఒకటి పెద్దమ్మకీ తీసుకెళ్లి చదివి వినిపించాను.

"మూడే ఉన్నయేందమ్మా?" అంది.

"మూడే ఉంటయి పెద్దమ్మా. ఇంకేముంటది?"

"ఆమె తలుపు తీసింది గద. గా ముచ్చట యాడ రాసినవ్?"

"అది అందరికీ కనబడ్డదే గద. ఎవరొచ్చిన్రన్నదే ప్రశ్న."

"నీ ప్రశ్న నీకు. నాకు నాలుగో డబ్బా గీయి. 'తలుపు తీసింది' అని రాయి. అండ్ల పెడ్త టిక్కు."

నేను నవ్వేశాను. గీయలేదు. పైగా పట్టుబట్టాను. "నీ మనసుకేమనిపిస్తది చెప్పు. ఆయన సచ్చిపోయినట్టేనా?"

ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది. "తొమ్మిదేండ్ల సంది నన్ను గిదే అడుగుతున్రు బిడ్డా. నువ్వు గూడ అడుగుతవా?" అంది.

అప్పటిదాకా నాకు తెలియదు. ఆమె భర్త ఇళ్లకు రంగులేసే మనిషి. ఒక పొద్దున మౌలాలిలో పని ఉందని బ్రష్షులు తీసుకుని వెళ్లాడు. మళ్లీ రాలేదు. నెలన్నర తర్వాత, మల్కాజ్‌గిరి దగ్గర పట్టాల పక్కన దొరికిందని ఒక చొక్కా చూపించారు. "మా అన్నదే" అన్నాడు మరిది. కాదంది ఈమె. "రంగులేసేటోని అంగి మీద ఒక్క రంగు సుక్క లేకుంటదా?" ఆమె వాదన అంతే. దానికి ఈ రోజుకీ ఎవరూ జవాబు చెప్పలేదు.

అయినా చుట్టాలు ఊరుకోలేదు. మెట్టెలు తీసెయ్, గాజులు పగలగొట్టు, దినం చేద్దాం అన్నారు. మరిది వితంతు పింఛను కాగితం పట్టుకొచ్చాడు. "మరణించిన భర్త పేరు" అన్న చోట వేలు పెట్టి, "గా మొదటి మాట కొట్టేయ్. ఏలుముద్ర ఏస్త" అందట. మాణికేశ్వర్ నగర్‌లో ఒకే ఒక్క అద్దె గది. వానొస్తే కారేది. ఇంకోచోట మంచి గది చూపిస్తామన్నా కదల్లేదు. "ఆయనకు గీ ఇల్లే ఎరుక. వస్తె యాడికొస్తడు?" ఆ తలుపుకి ఆయన వేసిన ఆకుపచ్చ రంగు పెచ్చులూడుతున్నా, ఇంకో పూత వేయనివ్వలేదు.

మరి నేనేం చేశానో చెప్పనా? ఆమె కాగితం మా గైడ్‌కి చూపించాను. ఏ గడిలోనూ టిక్కు లేదు, లెక్కలోకి రాదు, పక్కన పెట్టమన్నారు. పెట్టేశాను. దాని మీద ఎర్రసిరాతో "అసంపూర్ణం" అని నా చేత్తోనే రాశాను. థీసిస్ అయింది, పట్టా వచ్చింది, తార్నాకలో ఇల్లు తీసుకుని ఇప్పుడు పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. అంత లావు పుస్తకంలో, ఆ కథ అర్థమైన ఒకే ఒక్క ప్రేక్షకురాలు లేదు. సిగ్గుపడి ఒకసారి ఆమెకే చెప్పుకున్నాను. "పోనీ తియ్. నువ్వయితె పాసయినవ్ గద" అంది. వెళ్లబోతుంటే వెనక్కి పిలిచి, "ఎప్పుడన్న జాగ దొరికితె గీయి" అని నవ్వింది.

మంగళవారం మేం ఆరుగురం వెళ్లేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. స్నానం చేయించి, నుదురు తుడిచేసి ఉంచారు. మెట్టెలు తీయడానికి మరిది భార్య కాళ్ల దగ్గర కూర్చుంది.

"ఆగండి" అన్నాను.

మరిది పాపం చెడ్డవాడేమీ కాదు. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. "అన్న పోయి పద్నాలుగేండ్లాయె మేడం. ముత్తైదు లెక్క సాగదోలితె నలుగురు నవ్వుతరు" అన్నాడు.

"నవ్వనీయండి. మీ వదిన పద్నాలుగేండ్లు ఆ నవ్వు వినుకుంటనే మాకు అన్నం పెట్టింది."

"ఏదో ఒకటి తేల్చాలె గద మేడం!"

"ఎందుకు తేల్చాలె?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆమె తేల్చలేదు. మనమెవరం?"

అప్పుడు పక్కింటి ముసలామె కర్ర నేలకేసి కొట్టింది. "బతికినన్నొద్దులు ఎవ్వని మాట ఇనలే అది. సచ్చినంక ఇంటదా? ఆ పిల్ల చెప్పినట్టు చెయ్యిండ్రి" అంది. మరిది తల దించుకుని బయటికి వెళ్లాడు. కాసేపటికి ఆయనే పచ్చగాజులు కొనుక్కొచ్చాడు.

నేను గదిలోకి వెళ్లాను. గోడకి చిన్న అద్దం. దాని అంచంతా ఆమె రోజూ పడుకునేముందు తీసి అంటించిన బొట్టుబిళ్లలు. అన్నీ ఒకటే రకం, మెరూన్. పైన ఉన్నదాన్ని గోటితో తీసి తెచ్చి ఆమె నుదుట పెట్టాను. జిగురు తక్కువైంది. పాడె లేచేదాకా బొటనవేలితో ఒత్తి పట్టుకున్నాను.

నిన్న గది ఖాళీ చేశారు. నేను వెళ్తూ ఒక చిన్న ఎర్రరంగు డబ్బా, బ్రష్షు కొనుక్కెళ్లాను. ఆ తలుపు ముట్టుకోలేదు, అది ఆయన వేసిన రంగు. పక్కన గోడ మీద రాశాను: "పెద్దనాయినా, పెద్దమ్మ నీ కోసం చూసింది. వస్తే ఈ నంబరుకు ఫోన్ చెయ్." కింద నా నంబరు. దాని చుట్టూ నాలుగు గీతలు గీశాను. వంకరగానే వచ్చింది, కానీ గడే.

ఇంటి ఓనరు మెట్లు దిగుతూ చూశాడు. "ఏంది మేడం గిది? వచ్చే వారం కొత్తోళ్లొస్తున్రు. గోడకు సున్నం ఏయిస్తున్న."

"వేయించండి" అన్నాను. "మళ్ల రాస్త."

ఇంటికొచ్చి చూసుకుంటే చున్నీ మీద ఒక ఎర్రరంగు చుక్క ఉంది. దాన్ని ఉతకలేదు. తలుపు వెనక కొక్కేనికి తగిలించాను.