అమ్మ ఆటలో మూడు ప్రాణాలు

మోటార్లకు, ఫ్యాన్లకు వైండింగ్ చేసే ఆవిడకు కోపం ముక్కుమీదే ఉంటుందని వీధి వీధంతా ఎరుగుదురు. ఆ సాయంత్రం మాత్రం అది నషాళానికంటింది.

"ఏం చేశారు దీన్ని?" అని చేతిలో ఇమిడే ఆటల డబ్బాను మొగుడి మొహం ముందు ఆడించింది.

"ఎమ్యులేటర్ పాతబడిందని కొత్తది ఎక్కించా. పాతదంతా తుడిచేశా. ఎంత చకచకా పోతోందో చూడు."

"ఎక్కించమని మిమ్మల్ని ఎవరు ఏడ్చారు?"

మండదూ మరి? వాళ్లమ్మ బతుకంతా కుట్టుమిషను ముందు గడిపిన మనిషి. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. వేళ్లకు పని చెప్పకపోతే ఇక అంతేనన్నాడు డాక్టరు. నొక్కమని రబ్బరు బంతి ఇస్తే ఆ మహాతల్లి ఎడమచేత్తో గోడకేసి కొట్టింది. అప్పుడు తెచ్చింది కూతురు, లైనక్స్‌తో నడిచే ఈ డబ్బాని. పాత ఆటలు ఆడించే ఎమ్యులేటర్ కోడు తెచ్చి, దానిమీదే కంపైల్ చేసి నడిచేలా చేసింది. ఎన్ని ఎర్రర్లొచ్చినా, కాలిన కాయిల్ విప్పుతున్నంత ఓపిగ్గా కూర్చుంది. ఆవిడ ఓపికంతా యంత్రాలకే, మనుషులకు మిగలదు. ఆటలో బొమ్మను నడిపే బటన్లు ఎడమచేతికి, గోతులు దాటించే గెంతు ఒక్కటీ కుడి బొటనవేలికి ఇచ్చింది. ఎవరికీ చెప్పకుండా ఇంకో పని కూడా చేసింది: ఎన్నిసార్లు పడినా ప్రాణాలు అయిపోకుండా సెట్ చేసింది. తెర మూలనున్న ప్రాణాల అంకె అమ్మకు ఎలాగూ ఆనదు.

అమ్మ పడుతూ లేస్తూ ఆట చివరిదాకా వచ్చింది. "చెయ్యి తిరిగింది. సోమవారం మిషను మీద గుడ్డ తీసేస్తా" అని ఇరుగుపొరుగు దగ్గర ఒకటే గొప్పలు. ఇప్పుడు అల్లుడి నిర్వాకంతో మొదటి గోతిలోనే మూడుసార్లు పడింది, ఆట అయిపోయింది.

కూతురు పళ్లు నూరుతూ మళ్లీ మొదలుపెట్టింది. పాతది కంపైలయింది, బటన్లు కుదిరాయి. ప్రాణాల సెట్టింగ్ తెరిచేసరికి వెనక అమ్మ.

"ఏంటే అది?"

కూతురు తెరకు చెయ్యి అడ్డం పెట్టబోయింది. తగుదునమ్మా అని అల్లుడే చదివాడు: "ప్రాణాలు అయిపోకుండా చేసేది, అత్తయ్యగారూ."

అమ్మ మొహం జేవురించింది. "అంటే ఇన్నాళ్లూ గెలిచింది నేను కాదా? ఊరంతా డప్పు కొట్టుకున్నానే! పసిపిల్లననుకున్నావా నన్ను?"

"విసిగి మానేస్తావని, అమ్మా..."

"మానేస్తే మానేస్తా! నా చెయ్యి, నా ఇష్టం. మూడంటే మూడే పెట్టు."

పెట్టింది. అమ్మ డబ్బా లాక్కుని గోడవైపు తిరిగి కూర్చుంది. పడింది, తిట్టింది. మళ్లీ పడింది, కూతుర్నీ అల్లుణ్నీ కలిపి తిట్టింది. ఎన్నో ఆటకో మొదటి గొయ్యి దాటి రెండోదాంట్లో పడింది.

"ఆ మొదటిది దాటింది నేనేనా?" అంది, ఇటు తిరక్కుండానే.

"నువ్వేనమ్మా."

"నీ మాట నేను నమ్మను" అని డబ్బా అల్లుడి చేతికిచ్చింది. "ప్రాణాలు ఎన్ని పెట్టిందో మీరు చదివి చెప్పండి."