తొమ్మిది ముడుల రైలు

వళ్ళియమ్మ చేతికి గడియారం ఎప్పుడూ లేదు. పూలు కట్టే చేతికి అది అడ్డం. ఎడమచేతి వేళ్ల మధ్య అరటి నార పట్టుకుని, అటు రెండు మొగ్గలు, ఇటు రెండు మొగ్గలు పెట్టి, నార ఒక చుట్టు తిప్పి లాగితే ఒక ముడి. అలాంటివి నలభై అయితే ఒక మూర. పదేళ్లప్పుడు నేర్చుకున్న పని. ఇప్పుడు ఆమెకు యాభై ఎనిమిది. అన్నం ఉడకడానికి ఎన్ని మూరలు పడుతుందో, కనకమ్మ సత్రం నుంచి తిరుత్తణికి బస్సులో పోయేలోగా ఎన్ని మూరలు కట్టవచ్చో ఆమెకు బాగా తెలుసు. కోడలు కాన్పుకు లోపలికి పోయినప్పుడు ఆసుపత్రి వరండాలో కూర్చుని పూలు కట్టింది. బిడ్డ ఏడుపు వినగానే "అరవై మూరలు పట్టినాదిమే" అని పక్కనున్న నర్సుతో చెప్పిందట. ఆ మాట ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

రైలు లెక్క మాత్రం మూరల్లో కాదు, ముడుల్లో.

ఊరు పట్టాలకు తూర్పున ఉంది. ద్వారకనాథ్ మల్లెతోటలు పడమటి వైపు. తోటకు పోయే ఆడవాళ్లు పద్నాలుగు మంది, రోజూ తెల్లవారేటప్పుడు పట్టాలు దాటాలి. దక్షిణం వైపు దారి తిన్నగా ఉంటుంది కాబట్టి రైలు ఎంతో దూరం నుంచే కనిపిస్తుంది. ఉత్తరం వైపు వంపు, వంపులో తుమ్మచెట్లు. అటునుంచి వచ్చే రైలు కనిపించదు, వినిపిస్తుంది. వంపు దగ్గర కూత వేస్తుంది. ఆ కూత విన్న దగ్గర్నుంచి రైలు ముందుకొచ్చే లోపల, ఎక్స్‌ప్రెస్ అయితే ఇరవై ముడులు, గూడ్సు అయితే నలభై. బుట్టతో పట్టాలు దాటడానికి ఎనిమిది ముడులు చాలు.

వళ్ళియమ్మ అందరికంటే ముందు నిలబడేది. కూత వినగానే, చేతిలో నార లేకపోయినా, ఆమె వేళ్లు కదిలేవి. "రాండి" అంటే అందరూ దాటేవాళ్లు. "నిలు" అంటే ఎక్కడివాళ్లు అక్కడే నిలబడేవాళ్లు. అలా దాటకూడదని రైల్వేవాళ్లు రాసిపెట్టిన బోర్డు అక్కడే తుప్పుపట్టి ఉంది. దాటకుండా పోవాలంటే పైవంతెన మీదుగా మూడు కిలోమీటర్లు నడవాలి. ఎండ ఎక్కకముందే మొగ్గ కోయాలి, ఏడు గంటల బస్సుకు తిరుత్తణి పూల మార్కెట్టుకు పంపాలి. అందుకే ముప్పై ఏళ్లుగా దాటుతున్నారు. ముప్పై ఏళ్లలో ఒక్కరికి కూడా చిన్న దెబ్బ తగలలేదు.

రెండేళ్ల కింద పాత పట్టాల పక్కనే, తోటల వైపు, వేగంగా పోయే రైలు కోసం కొత్త లైను పని మొదలైంది. ఊళ్లోకి మట్టి లారీలు వచ్చాయి. ఆరేసిన గుడ్డలమీద ఎర్రదుమ్ము. ఇద్దరి బావులు, ఒకరి మామిడితోట లైనుకు పోయాయి. కొందరికి మట్టిపని, ఇద్దరికి వాచ్‌మన్ పని దొరికింది. చివరకు రెండు వైపులా ఇనుప కంచె నాటడం మొదలుపెట్టారు. కంచె తమ దారి దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్లకు భయం పట్టుకుంది.

తిరువళ్ళూరు కలెక్టరు ఆఫీసులో సోమవారం మనువులు, అంటే జనం రాసిచ్చే అర్జీలు, తీసుకుంటారు. దారి మూయవద్దని ఒక మనువు రాయించారు. రాసింది మోక్షిత. వళ్ళియమ్మకు అక్క మనవరాలు, పంతొమ్మిదేళ్ల పిల్ల. తొమ్మిదో తరగతితో బడి మానేసి పూల పనికి వచ్చింది. నోట మాట రావడం కష్టం గానీ తమిళం ముత్యాల్లా రాస్తుంది. మొదటి వేలిముద్ర వళ్ళియమ్మది. విచారణ పూర్తయ్యేదాకా అక్కడ ఆరడుగుల సందు వదిలిపెట్టమని కంట్రాక్టరుకు చెప్పారు.

"మా వళ్ళియక్క రైలునే నిలబెట్టేసినాది" అంది ఆరోగ్యమేరి ఆ రోజు బస్సులో, అందరికీ వినబడేలా. ఆరోగ్యమేరి వళ్ళియమ్మ కంటే పదేళ్లు చిన్న. ఇద్దరూ పక్కపక్క సాళ్లలో కోస్తారు.

కంట్రాక్టరు దగ్గర భద్రత చూసుకునే దినకర్ చిత్తూరు వైపు కుర్రాడు. పచ్చ జాకెట్టు వేసుకుని వచ్చి సందు పక్కన తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఉన్న నోటీసు కట్టాడు. పదో తేదీ నుంచి కొత్త రైలు నడిపి చూస్తారట.

"పెద్దమ్మా, ఈ రైలు మీ పాత రైలు మాదిరి కాదు. గంటకు నూట అరవై" అన్నాడు.

"నూట అరవై మొగ్గలంటే ఒక మూర నాయనా. అంతేనా నీ రైలు?" అంది ఆరోగ్యమేరి. ఆడవాళ్లంతా పకపకా నవ్వారు.

"నవ్వద్దు అక్కా. వచ్చేది తెలీదు."

"కూత వేస్తాదా, వెయ్యదా?" అని అడిగింది వళ్ళియమ్మ.

"వేస్తాది."

"అది చాలు నాకు."

మోక్షిత నోటీసు రెండుసార్లు చదివింది. ఏదో అనబోయి ఊరుకుంది. నూట అరవై అంటే ఎన్ని ముడులో ఆ నోటీసులో లేదు.

పన్నెండో తేదీ గురువారం. వెలుతురు వచ్చేసింది. ముందున్న ముగ్గురూ పాత పట్టాలు దాటేసరికి వంపు దగ్గర కూత వినబడింది. వళ్ళియమ్మ వేళ్లు కదిలాయి. "రాండి, రాండి, ఇరవై ఉండాది" అంటూ తానే ముందు నడిచింది. వెనక మోక్షిత, ఆ వెనక ఆరోగ్యమేరి. మిగిలినవాళ్లు ఇంకా సందులోకి రాలేదు. కొత్త పట్టాలు కూడా దాటి వళ్ళియమ్మ వెనక్కి తిరిగింది. ఆరోగ్యమేరి చెప్పు కంకరలో ఇరుక్కుంది. వంగి లాగుతోంది, కొత్త పట్టాల మధ్యలో.

వళ్ళియమ్మ వేళ్లు ఏడో ముడి మీద ఉన్నాయి. తుమ్మచెట్ల పక్కనుంచి రైలు బయటికొచ్చింది.

ఆమెకు తర్వాత గుర్తున్నది ఆరోగ్యమేరి మణికట్టు. దాన్ని పట్టుకుని లాగింది. ఇద్దరూ కట్ట మీదనుంచి దొర్లి కింద కాలువ గట్టున పడ్డారు. రైలు పోయింది. దాని గాలికి మోక్షిత కొంగు ఎగిరి కంచెకు చుట్టుకుంది. ఆరోగ్యమేరి బుట్ట పట్టాల పక్కన పుల్లలు పుల్లలుగా పడి ఉంది. అవతల సందులో ఉన్న పదకొండు మందిలో ఒక్కరూ కదల్లేదు.

ఆరోగ్యమేరి మోకాలు చీరుకుపోయింది. చాలాసేపు "యేసయ్యా, యేసయ్యా" అంటూ కూర్చుంది. ఊపిరి నిలదొక్కుకున్నాక వళ్ళియమ్మ వైపు చూసింది.

"అక్కా, ఇరవై అంటివే."

"వాడు లేటుగా కూసినాడు" అంది వళ్ళియమ్మ. "నా లెక్క తప్పు లేదు."

ఆ రోజు పూలు కోశారు. మధ్యాహ్నం వంతెన మీదుగా ఇంటికి పోయారు.

వళ్ళియమ్మకు అన్నం సయించలేదు. మరునాడు పనికి పోకుండా గంపెడు మొగ్గలు, నార తీసుకుని కంచెకు ఇవతల, ఊరి వైపు గట్టుమీద కూర్చుంది. మోక్షిత తోడు వచ్చింది. కూత వినబడగానే వళ్ళియమ్మ కట్టడం మొదలుపెట్టింది. నిజం మొగ్గలు, నిజం ముడులు. రైలు పోయాక దండ మోక్షిత చేతికిచ్చింది.

"ఎంచు."

"తొమ్మిది, అవ్వా."

"సరిగ్గా ఎంచినావా?"

"ఎంచినాను. తొమ్మిదే."

పది గంటలకు రైలు తిరిగి దక్షిణం నుంచి వచ్చింది, అది లెక్కలోకి రాదు. సాయంకాలం మళ్లీ ఉత్తరం నుంచి వచ్చింది. తొమ్మిది. శనివారం పొద్దున ఎనిమిది, ఎనిమిదో ముడి లాగుతుండగానే ముందుకొచ్చేసింది. మధ్యలో పాత లైను మీద ఎక్స్‌ప్రెస్ వచ్చినప్పుడు కూడా కట్టి చూసింది. దానికి ఇరవై ఒకటి. చేతి వేగంలో ఏ తేడా లేదు.

దినకర్ అటుగా వస్తే పిలిచింది. "నాయనా, కొత్త రైలు డ్రైవరు ఎందుకు లేటుగా కూస్తాడు?"

"లేటు లేదు పెద్దమ్మా. కూత బోర్డు వంపు దగ్గర నాటినారు. పాత రైలుకీ, కొత్త రైలుకీ ఆ బోర్డే. ఈ సందు ఉండేదాకా కూస్తారు. ఇది మూసేస్తే అదీ ఉండదు."

"ఒకే చోటనా?"

"ఒకే చోట. కావాలంటే తోడుకొనిపోయి చూపిస్తా."

"వద్దులే" అంది వళ్ళియమ్మ.

దినకర్ వెళ్లాక ఆమె అక్కడే కూర్చుని లెక్క వేసుకుంది. దాటడానికే ఎనిమిది ముడులు. అది కూడా పాత పట్టాల లెక్క. ఇప్పుడు కొత్తవి కలిసి దారి రెండింతలైంది. కూత విని కాలు ముందుకు వేస్తే అవతలికి చేరే వీలే లేదు. తొలి రెండు రోజులు కూత వినకముందే దాటారు కాబట్టి బతికారు. ఈ సందు తాను మనువు ఇచ్చి తెరిపించింది. కంట్రాక్టరు కంచె వేసుకుంటూ పోతుంటే ఆపించింది తానే.

"నూట అరవై అంటే ఇదే అవ్వా" అంది మోక్షిత నెమ్మదిగా. "ఆ రోజే చెప్పాలనుకున్నా. ఎట్ల చెప్పాలో తెలీలేదు."

"చెప్పినా నేను వినుండను."

ఆదివారం పొద్దున ఆడవాళ్లు సందు దగ్గరికి వచ్చేసరికి వళ్ళియమ్మ అందులో కూర్చుని ఉంది.

"లెయ్యక్కా, పొద్దు ఎక్కతా ఉండాది" అంది చెంగమ్మ. ఆ గుంపులో గట్టి నోరు చెంగమ్మది.

"ఇంక నేను రాండి అని చెప్పను. ఈ పక్క ఎవురూ పోవద్దు. నా లెక్క ఈ రైలుకు చెల్లదు. రెండు దినాలు కూర్చుని కట్టి చూసినా. తొమ్మిది ముడులే."

"ఆ రోజు డ్రైవరు లేటుగా కూసినాడని నువ్వే అంటివి కదా."

"అబద్ధం చెప్పినా."

చెంగమ్మకు కోపం వచ్చింది.

"నీ మాట విని మనువు ఇస్తిమి. ఒక దినం కూలి పోగొట్టుకుని తిరువళ్ళూరు వస్తిమి. ఇప్పుడు నువ్వే వద్దంటే ఏందక్కా న్యాయం? నాకు మోకాలి నొప్పి. వంతెన ఎక్కి మూడు కిలోమీటర్లు నడిచేదానికి నువ్వు మోస్తావా నన్ను?"

"మొయ్యలేను."

"మళ్ల?"

"మొయ్యలేనుమే. తిట్టుకో. ఆ పక్క మాత్రం పోవద్దు."

"నువ్వు చెప్పకపోతే మాకు చెవులు లేవా?"

ఆరోగ్యమేరి కుంటుకుంటూ ముందుకొచ్చింది. కొత్త బుట్ట ఇంకా కొనలేదు, చేతిలో గోనెసంచి ఉంది. "నీకుండేవి చెవులు చెంగమ్మా. ఆ రైలుకుండేది కాలు. నేను చూసినా, నువ్వు చూడలేదు" అని వంతెన వైపు నడిచింది. ఒకరి వెనక ఒకరు కదిలారు. చెంగమ్మ అందరి తర్వాత, దారంతా తిడుతూ పోయింది.

ఆ రోజు సగం మొగ్గలు ఎండకు వాడాయి. ద్వారకనాథ్ అరిచాడు. రెండు రోజులు అరిచి, వచ్చేటప్పుడు తన పాల టెంపోలో ఎక్కించి పంపుతానన్నాడు. పోయేటప్పుడు మాత్రం నడవాల్సిందే. ఇద్దరు పని మానేసి పూండి వైపు కంపెనీ వంటశాలలో చేరారు.

సోమవారం తిరువళ్ళూరుకు మళ్లీ పోవాలి. ఆ ఆదివారం సాయంకాలమే మోక్షిత కాగితం తీసింది.

"ముందు ఇచ్చిన మనువులో దారి మూయొద్దని అడిగినాను. అది తప్పు. అట్ల రాయి" అంది వళ్ళియమ్మ.

"తప్పు అని ఎందుకవ్వా? మార్చుకుంటా ఉండామని రాస్తే చాలదా?"

"తప్పు అనే రాయి. సందు రేపే మూయమని రాయి. పట్టాల కింద నడిచిపోయేదానికి ఒక దారి కట్టించమని రాయి. అది వచ్చేదాకా చుట్టూ పోతామని కూడా రాయి."

కలెక్టరు ఆఫీసులో బల్ల వెనకున్న అధికారి ఆ కాగితం చదివి తలెత్తాడు. మూయవద్దని వచ్చేవాళ్లే గానీ మూయమని వచ్చినవాళ్లను ఆయన చూడలేదు. ఎందుకని తమిళంలో అడిగాడు. వళ్ళియమ్మ తమిళంలోనే జవాబు చెప్పింది. ముడుల సంగతి చెప్పింది, తాను రాండి అన్న సంగతి చెప్పింది, ఆరోగ్యమేరి మోకాలు చూపించింది. వెనక వరసలో జనం తోసుకుంటున్నారు. ఆయన అంతా విన్నాడు. కంచెకు వెంటనే ఆర్డరు వేస్తానన్నాడు. కింద దారికి ఎస్టిమేటు కావాలి, రైల్వే ఒప్పుకోవాలి, ఎన్నాళ్లని చెప్పలేనన్నాడు. కాగితం మీద ముద్ర వేసి రసీదు ఇచ్చాడు.

వెంటనే అన్నది తొమ్మిది రోజులైంది. ఆ తొమ్మిది రోజులూ వళ్ళియమ్మ పొద్దున్నే వెళ్లి సందులో కూర్చుంది. పూల పనివాళ్లే కాదు, మేకలవాళ్లు, బడిపిల్లలు, పక్క ఊళ్లో సారాయి తాగి వచ్చేవాళ్లు, అందరినీ తిప్పి పంపింది. కొందరు నవ్వారు, ఒకడు చెయ్యెత్తాడు. ఎండ ఎక్కాక వాచ్‌మన్ వస్తే అతనికి అప్పజెప్పి వంతెన మీదుగా తోటకు పోయేది. అప్పటికి కోతలో సగం అయిపోయి ఉండేది. ద్వారకనాథ్ సగం కూలే ఇచ్చాడు.

పదో రోజు దినకర్ వెల్డరును తీసుకుని వచ్చాడు. నిలువు కడ్డీలు, అడ్డ కడ్డీలు దించారు. వెల్డరు అద్దం అడ్డం పెట్టుకుని పైనుంచి మొదలుపెట్టి, గంటన్నరలో ముగించి, సామాను సర్దుకోబోయాడు. వళ్ళియమ్మ కంచె దగ్గరికి వెళ్లి వంగి చూసింది. అడుగున, నేలకూ కడ్డీకీ మధ్య, మూరెడు ఖాళీ ఉంది.

"ఇది ఎందుకు వదిలిపెట్టినావు నాయనా?"

"అది ఉంటే ఏంలే పెద్దమ్మా. కుక్కలు పోతాయి, అంతే. మనుషులు దూరరు."

"దూరతారు."

"ఎవరు దూరతారు అందులో?"

"మోకాలి నొప్పిగా ఉండే దినం, పొద్దు ఎక్కే దినం, నేనే దూరతాను" అంది వళ్ళియమ్మ. "ఇంకో కడ్డీ వెయ్యి."

వెల్డరు దినకర్ వైపు చూశాడు. దినకర్ తల ఊపాడు. వెల్డరు బండిలోనుంచి ఇంకో కడ్డీ తెచ్చి, నేలమీద బోర్లా పడుకుని, అద్దం కళ్లమీదికి దించుకున్నాడు.