చౌడమ్మవ్వ చేతిలో మెడలు

శింగనమల పక్కన ఆ పల్లెలో ఎవరికి మెడ పట్టేసినా ముందు వాళ్ల దిండును ఎండలో వేస్తారు. అక్కడ ఎండకు కరువు లేదు కాబట్టి దిండ్లన్నీ ఆరోగ్యంగానే ఉంటాయి. మెడ మాత్రం అలాగే ఉంటుంది. రెండో రోజు చౌడమ్మవ్వ దగ్గరికి వస్తారు.

చౌడమ్మవ్వ ఎదురుకాళ్లతో, అంటే తలకన్నా ముందు కాళ్లు బయటికొచ్చి పుట్టింది. అలా పుట్టినవాళ్లు తొక్కితే నడుము పట్టు పోతుందని నమ్మకం. కాలికే అంత గుణముంటే చేతికి ఎంత ఉండాలని ఊరు లెక్కగట్టి మెడలు కూడా ఆమెకే అప్పగించింది. ఆమె చదివిన వైద్యం అంతే. వచ్చినవాణ్ణి అరుగు మీద కూచోబెట్టి, మెడకు ఆముదం రాసి, ఒక చెయ్యి గడ్డం కింద, ఇంకొకటి తల వెనక ఆనించి, తీరుబడిగా కబుర్లు మొదలుపెడుతుంది. అసలు మందు ఆ కబుర్లే. మనిషి బిగుసుకొని కూచుంటే మెడ తిరగదు. అందుకని వాడికి ఒళ్లు మండే సంగతి ఒకటి ఎత్తాలి. అన్నతో గట్టు తగాదానో, కోడలన్న మాటో, పక్కవాడి బోరులో పడిన నీళ్లో. వాడు కోపంగా నోరు తెరిచి మెడను మరిచిన క్షణాన టక్కున తిప్పేస్తుంది. ఊళ్లో ఎవరికి ఎవరంటే గిట్టదో పోలీసులకన్నా ఆమెకే బాగా తెలుసు. టక్ మని వినబడితే చాలు, నొప్పి పోయినా పోకపోయినా జనం తృప్తిగా వెళ్లిపోయేవారు.

అలాంటి అవ్వ మెడే ఒకనాడు పట్టేసింది. బండ్లు తొక్కితే గింజ రాలుతుందని ఎవరో రోడ్డు నిండా ఉలవకట్టె పరిచి, దాని చుట్టూ కాపలాగా రాళ్లు పెట్టారు. అవ్వను బైకు వెనక కూచోబెట్టుకొని వస్తున్న కొడుకు ప్రతాప్ చివరి క్షణంలో రాయిని చూసి బ్రేకు తొక్కాడు. ఎవరూ పడలేదు. అవ్వ తల మాత్రం ముందుకొకసారి, వెనక్కొకసారి పోయివచ్చింది. తెల్లారేసరికి మెడ కుడివైపుకు తిరగదు. ఎడమచేతి రెండు వేళ్లు తిమ్మిరి.

నొప్పికన్నా పెద్ద బెంగ ఆమెకు వేరే ఉంది. మెడలు తిప్పే మనిషికే మెడ తిరగదంటే నలభై ఏళ్ల పేరు ఏం కావాలి? అందుకని దాచింది. తన దిండును పక్కింటి మిద్దె మీద వాళ్ల దిండ్ల మధ్య కలిపేసి ఎండబెట్టింది. ఎవరైనా పిలిస్తే తల తిప్పకుండా, సామాను బండి మలుపు తిరిగినట్టు మొత్తం మనిషే తిరిగేది. ఊరు దాన్ని పొగరు కింద జమకట్టింది. అవ్వకు ఆ మాట హాయిగానే ఉంది.

పదిరోజులకు చేతిలోని చెంబు జారి కిందపడింది. ప్రతాప్ ఇంక ఊరుకోక అనంతపురం తీసుకుపోయాడు. అక్కడ డాక్టరమ్మ నిఖిత బెంగళూరులో ఆస్టియోపతి నేర్చుకొని వచ్చింది. సూదులూ మాత్రలూ లేకుండా, ఎముకనూ కండనూ చేతులతోనే పరీక్షించి చేతులతోనే సరిచేసే వైద్యమది. ఇది విని అవ్వ, మన కులవిద్యే కదా అనుకుంది. కానీ డాక్టరమ్మ అరగంట దాకా మెడే ముట్టుకోలేదు. దెబ్బ ఎలా తగిలింది, ఏ వేళ్లు తిమ్మిరి, కళ్లు తిరుగుతాయా అని అడిగింది. నడిపించి చూసింది. రబ్బరు సుత్తితో మోచేతి దగ్గర తట్టింది. తన వేళ్లను గట్టిగా పిసకమంది. ఎక్స్‌రే తీయించింది. ఈ పిల్లకు పని రాదని అవ్వ తేల్చేసింది.

చివరికి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల కింద రెండు చేతులూ పెట్టి, అవ్వ కుదుటపడాలని డాక్టరమ్మ మంచిగా అడిగింది, ఇంట్లో కోడలు బాగా చూసుకుంటుందా అని.

అవ్వ గబుక్కున బల్ల అంచు పట్టుకుంది. “కోడలి మాట ఎత్తినావంటే తిప్పబోతాండావని నాకు తెలుసు తల్లీ. ముందు చెయ్యి తియ్యి.”

డాక్టరమ్మకు ఏమీ అర్థం కాలేదు. “నేను తిప్పను అవ్వా. ఎముకలు అరిగినాయి, వేళ్లకు పోయే నరం నొక్కుకోనుండాది. ఇట్లాంటి మెడను విసురుగా తిప్పితే చెయ్యే పడిపోవచ్చు.”

తర్వాత పావుగంటసేపు తలను అలా పట్టుకొని, మెల్లగా లాగి వదలడమే. టక్ లేదు, టిక్ లేదు. వైద్యం ఇంత చప్పగా ఉంటుందా అని అవ్వ నొచ్చుకుంది. అయినా దిగేటప్పుడు తల తిప్పితే కుడి గోడ మీది గడియారం కనిపించింది. ఏం పని చేస్తావని డాక్టరమ్మ అడిగితే కూలి అని చెప్పి బయటపడింది.

ఇంటి దగ్గర చేసే కసరత్తులతో నెల తిరిగేసరికి వేళ్లు తేలికపడ్డాయి. అప్పుడొచ్చాడు మారెప్ప, మేకలకు వేపమండలు కొడుతూ చెట్టు మీది నుంచి పడి. అరుగు కింద మరో ఆరుగురు తమ వంతు కోసం కూచున్నారు. అవ్వ అలవాటుగా ఆముదం రాసి, గడ్డం పట్టి, అన్న ఓబన్న గట్టు సంగతి కదిపింది. మారెప్ప మండిపడ్డాడు, మెడ మరిచాడు. తిప్పడమే తరువాయి. అప్పుడు చూసింది. అతని కుడిచేతి వేళ్ల మధ్యనుంచి ఆరిన బీడీ జారి తొడమీద పడింది. పడిందన్న సంగతి ఆ వేళ్లకు తెలియలేదు.

అవ్వ చేతులు తీసేసింది. ఆ చేతికి తన రెండు వేళ్లు ఇచ్చి పిసకమంది. పిసికానన్నాడు. అవ్వకు ఏమీ తగలలేదు.

“నా చేత కాదప్పా. అనంతపురం పోదాం పా.”

“ఏమి వదినా, మా ఓబన్న ఏమన్నా చెప్పినాడా, నాకు చెయ్యొద్దని?”

అరుగు కింద జనం నవ్వారు. ఇంకొక్క మాట చాలు, నలభై ఏళ్ల పేరు పోవడానికి. ఆ మాట అవ్వే అంది. “నా మెడే పట్టేసింటే డాక్టరమ్మ కాడికి పోయి చూపించుకొంటి. నీది నా మెడకన్నా చెడింది. కదిలించొద్దు.”

అవ్వ దుప్పటి మడిచి అతని మెడకు దన్నుగా చుట్టి, ఆటోలో తల ఆడకుండా దారి పొడుగునా పట్టుకొని కూచుంది. డాక్టరమ్మ చూడగానే తాను ముట్టుకోనని పెద్దాసుపత్రికి పంపింది. అవ్వ తిరిగొచ్చేసరికి అరుగు ఖాళీ. ఆ ఆరుగురూ పక్కూరిలో మెడలు తిప్పేవాణ్ణి వెతుక్కుంటూ పోయారు. అవ్వ ఇంటింటికీ పోయి వద్దని చెబితే కుళ్లుమోతుతనం అన్నారు.

మూడు నెలలకు మారెప్ప ఆసుపత్రిలో వేసిన మెడపట్టీ తీసేసి తిరుగుతూ, తను బాగైన గొప్పంతా ఊరి దేవతదన్నాడు. చౌడమ్మ వదినకు భయం ఎక్కువని కూడా చెప్పాడు. ప్రతాప్‌కు కోపమొచ్చింది.

“అనుకోనీలేరా,” అంది అవ్వ. “ఈపొద్దు మండలు కొట్టుకోనొచ్చినాడు. కొడవలి కుడిచేత్తోనే పట్టుకోనుండాడు, చూస్తివా?”