ఉమ్రావ్ బేగం నోరు

ఉమ్రావ్ బేగం అరిస్తే దవాఖాన గేటు దాకా వినబడేది. జైనూర్ గుట్టల నుంచి ఎడ్లబండ్లలో రోగుల్ని తెచ్చేవాళ్లకు ఆ అరుపే ధైర్యం. నర్సమ్మ డ్యూటీలో ఉంది, మందు దొరుకుతుంది.

సెలైన్ సీసాలు స్టోర్‌లో ఉండేవి. తాళంచెవి స్టోర్‌కీపర్ లింగారావు జేబులో ఉండేది. మధ్యాహ్నం కాగానే ఆయన రోడ్డవతలి క్వార్టర్‌కు వెళ్లి తిని పడుకునేవాడు. సీసాలు అయిపోతే ఉమ్రావ్ బేగం ఆ గుమ్మం ముందు నిలబడేది.

"సారూ! మీ పెరుగన్నం యాడికి పోదు. నా పేషెంటే పోతడు! లేస్తరా, వాడకట్టును పిల్వాల్నా?"

లింగారావు తిట్టుకుంటూ వచ్చేవాడు. సీసా వచ్చేది.

రెండు వార్డులకూ ఆమె ఒక్కతే నర్సు. ఇంట్లో గిన్నె పడ్డా ఉలిక్కిపడేది. నిద్ర లేదు, చేతులు వణికేవి. ఇంకో నర్సును వేయమని సిబ్బంది ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. ఎనభై ఏడు వానాకాలంలో నర్సుకు బదులు చాపలు వచ్చాయి, వాటితో పాటు ధ్యానం నేర్పే ప్రమోదిని మేడం వచ్చింది. సిబ్బంది మనశ్శాంతి కోసమట.

"కూసో బేగం, నీకే అవసరం," అన్నాడు పెద్ద డాక్టర్ కరుణాకర్‌రావు. "రోజూ లొల్లేనాయె."

"కోపం వస్తే ఏమీ చేయకండి. మీ శ్వాసను చూస్తూ ఉండండి. అదే పోతుంది," అంది ప్రమోదిని.

"ఎవలది సూడాలె మేడం, మనదా, పేషెంటుదా?" అంది ఆయా కిష్టవ్వ.

"జర ఊకో కిష్టవ్వా," అంది ఉమ్రావ్ బేగం. ఆమె నిజంగానే నేర్చుకుంది. చేతుల వణుకు తగ్గింది. ఎన్నాళ్లకో కంటినిండా నిద్రపోయింది. అలసిన మనిషికి అది తక్కువ మేలు కాదు.

ఒక మధ్యాహ్నం వాంతులు, విరేచనాలతో నీరసించిన గంగుబాయిని మోసుకొచ్చాడు ఆమె మొగుడు భీంరావు. వార్డులో ఉన్న చివరి సీసా ఎక్కించారు. అది అయిపోవస్తుండగా కిష్టవ్వ లింగారావు ఇంటికి పరుగెత్తి, వట్టి చేతులతో తిరిగొచ్చింది.

"తింటుండట. అయినంక వస్తడట. నువ్వు పో సిస్టరమ్మా, నువ్వు పోతేనే లేస్తడు."

ఉమ్రావ్ బేగం కడుపులోంచి మంట లేచింది. ఇదే కదా నా రోగం అనుకుంది. స్టూలు మీద కూర్చుని కళ్లు మూసుకుంది. శ్వాస లోపలికి, బయటికి. మంట నిజంగానే దిగింది.

"వస్తనన్నడు గద. వస్తడు," అంది మెల్లగా.

లింగారావు చెయ్యి కడుక్కుని, పాన్ వేసుకుని వచ్చాడు. అప్పటికి ఖాళీ సీసా సూదిలో నెత్తురు గడ్డకట్టింది, గంగుబాయి నరాలు కుంగిపోయాయి. చేతుల్లో, పాదాల్లో ఎక్కడా సూది దిగలేదు. సీసా పక్కన ఉండగానే ఆమె చనిపోయింది.

భీంరావు కోప్పడలేదు. "తొవ్వల ఇంకో దవాఖాన ఉండె నర్సమ్మా. గాడికి పోలే. నువ్వు కొట్లాడి మందిప్పిస్తవని అందరు చెప్తే గీడికి తెచ్చిన," అన్నాడు.

మర్నాటి క్లాసులో అందరూ కళ్లు మూసుకున్నారు. ఉమ్రావ్ బేగం మూయలేదు.

"మేడం, మీ పుణ్యాన నిద్రవోయిన, మర్వ. గనీ గీ కోపం నా ఒక్కదానిది గాదు. గంగుబాయిది గూడ. దాన్ని నేనెట్ల చల్లార్సుకుంట?"

"బేగం, కూసో!" అన్నాడు కరుణాకర్‌రావు.

ఆమె దవాఖాన వంటగదిలోని రోకలి తీసుకుని స్టోర్ తాళం పగలగొట్టింది.

నెల తిరగకముందే ఆమెకు జిల్లా ఆ చివరికి బదిలీ అయింది. నిద్ర మళ్లీ పోయింది. స్టోర్‌కు కొత్త తాళం వచ్చింది, చెవి మాత్రం లింగారావు జేబులోనే ఉంది. బేగం స్థానంలో ఎవర్నీ వేయలేదు.

సీసాలు మళ్లీ అయిపోయిన రోజు కిష్టవ్వ వెళ్లి ఆ గుమ్మం ముందు అరిచింది. ఆమెది పీల గొంతు. లింగారావు లేవకుండా పెరుగన్నం దాకా తిన్నాడు.

తర్వాతి సారి ఆమె వెంట రోగుల తల్లులు, భార్యలు కూడా వెళ్లారు. ఆయన ఎంగిలి చేత్తోనే బయటికొచ్చాడు.