ముందే రండి, కిరీటం చూడండి

మా హార్మోనియం మాస్టారు పోయారన్న కబురు నాకు సినిమా హాలు ముందు సోడాలమ్మే ఆయన తెచ్చాడు. పొద్దున్నే బట్టలకొట్టు తాళం తీస్తుంటే వచ్చి, "శెట్టిగారూ, ఇంక నా బేరం మీద రాసేవాళ్ళు లేరండి" అని కండువాతో మొహం కప్పుకున్నాడు. మాస్టారి వల్ల బాగుపడ్డవాడూ అతనే, దెబ్బతిన్నవాడూ అతనే. ఆ సంగతి తిరువూరు బయటివాళ్ళకి తెలియదు గనక మొదటినించీ చెబుతాను.

మాస్టారు మిషన్ బళ్ళో పంతులు. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవారు. ఆరాధన కాగానే అదే నల్లకోటుతో తిన్నగా మాట్నీకి వచ్చేవారు. సినిమా కోసం కాదు. దానికి ముందు వేసే పది నిమిషాల గవర్నమెంటు డాక్యుమెంటరీ కోసం. మనమంతా ఆ పది నిమిషాలూ బయట గడిపి, అసలు బొమ్మ వేళకి చీకట్లో తడుముకుంటూ లోపలికి వెళ్తామా, సరిగ్గా అప్పుడే ఆయన లేచి మన కాళ్ళు తొక్కుకుంటూ బయటికి వచ్చేవారు. "చర్చి నించి సినిమాకి పోతున్నారట?" అని పాదిరిగారు ఒకసారి నిలదీస్తే, "లేదండి అయ్యగారూ, సినిమా మొదలయ్యేలోపు వచ్చేస్తున్నాను" అన్నారట. అందులో అబద్ధమేం లేదు మరి.

టికెట్ల కిటికీ పక్కన ఆయనదో పలక వేలాడేది. ఆదివారం మాట్నీతో కొత్త బొమ్మ మొదలవుతుంది. సంగీతం మీద డాక్యుమెంటరీ గనక వస్తే, చూసి వచ్చి మిగతా వారానికి తీర్పు రాసేవారు. తీర్పులు మూడే. బాగుంటే "ముందే రండి". అంతంతమాత్రమైతే "తీరిగ్గా రండి". బొత్తిగా బాగోకపోతే "సోడా తాగి రండి". మొదటి తీర్పు వచ్చిన వారం సోడా ఆయనకి ఏకాదశి, మూడోది వస్తే పండగ. "మాస్టారూ, ఈ వారం కాస్త చెడ్డది రావాలని ప్రార్థన చేయండి" అని అతను బతిమాలుకోవడం నేను విన్నాను. ఊరు మాత్రం ఆ పలకని నమ్మింది. హాలు మేనేజరు మొదట్లో "నా గోడ మీద మీ రాతేంటండి" అని కస్సుమన్నాడుగానీ, తర్వాత సుద్దముక్క అతనే తెచ్చి పెట్టేవాడు.

నాకు సంగీతం రాదు. నా చెవులు గుడ్డ చింపే చప్పుడుకి తప్ప దేనికీ పనికిరావు. అయినా స్నేహితుణ్ణి గనక నన్నూ లాక్కుపోయేవారు. "గుడ్డ నాణ్యం వేళ్ళతో తడిమి చూస్తారు కదా, పాటని చెవితో తడమండి. అంతే" అనేవారు. వీణ మీద తీసిన బొమ్మలో చెరువూ తామరపూలూ చూపిస్తుంటే కూర్చున్నచోటే గొణిగారు. "వేళ్ళు చూపించమంటే పూలు చూపిస్తాడేంటండీ?" మృదంగం బొమ్మలో చప్పుడు ముందొచ్చి దెబ్బ వెనక పడింది. "చెయ్యింకా బెజవాడలో ఉంది, చప్పుడు తిరువూరు వచ్చేసింది" అన్నారు. పాట మధ్యలో వ్యాఖ్యానం చెప్పేవాడి మీదైతే మరీ మంట. "పెళ్ళిలో పాడుతుంటే మాట్లాడినవాణ్ణి కసురుతాం. వీడికి జీతమిచ్చి మాట్లాడిస్తున్నారు." అలాగని ఊరికే తిట్టే మనిషి కాదు. ఒక సన్నాయి బొమ్మలో ముసలాయన వాయించేముందు నోట పెట్టుకునే పీక ఊడదీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. అంతే, మాస్టారు నా మోచెయ్యి పట్టుకున్నారు. ఆ తుడవడం కోసమే "ముందే రండి" అని రాశారు.

ఆయనకి ఒకే ఒక్క కోరిక ఉండేది. ఆ బొమ్మల్లో ఒక్కసారి హార్మోనియాన్ని చూడాలని. వీణ వచ్చింది, వేణువు వచ్చింది, చివరికి కుండ కూడా వచ్చింది. హార్మోనియం రాలేదు. అది తెల్లవాళ్ళ పెట్టె అని పెద్దవాళ్ళకి చిన్నచూపు, రేడియోలోనూ దానికి చోటు లేదు. "తెల్లవాళ్ళు పోయారు, పెట్టె మనదగ్గరే ఉండిపోయింది. మన పద్యాలు నేర్చుకుంది. ఇంకా పరాయిదంటే ఎలాగండీ?" అనేవారు. ఆ మాట ఎప్పుడన్నా నవ్వుతూ అనలేదు.

మొన్న వానల్లో రొమ్ముపట్టి మంచమెక్కారు. ఆ ఆదివారం వచ్చింది నాటకాల మీద డాక్యుమెంటరీ. నాటకమంటే హార్మోనియం లేకుండా పద్యం లేవదు కదా. "నా బదులు చూసి రండి శెట్టిగారూ. చూసింది చెప్పండి, చూడాలనుకున్నది చెప్పకండి" అని పంపారు.

చూశాను. వేషాలు వేసుకునే గదిలో చేతి హార్మోనియం పెట్టె ఒకటి మూసి ఉంది. రాజు వేషగాడు తన కిరీటం దానిమీద పెట్టి, మీసం అతికించుకుని, కిరీటం తీసి తగిలించుకుని వెళ్ళిపోయాడు. తర్వాత స్టేజీ మీద పద్యం సాగిందిగానీ, హార్మోనియం వాయించేవాడు బొమ్మలో పడలేదు. అంతే.

మాస్టారింటికెళ్తే గుమ్మంలోనే ఆయన భార్య ఆపి, "ఏదో ఒక మంచిమాట చెప్పండి అన్నయ్యగారూ" అన్నారు. నాకూ మనసొప్పలేదు. మంచం పక్కన కూర్చుని మొదలుపెట్టాను.

"బ్రహ్మాండంగా చూపించారండి. రెండు చేతులతో వాయించాడు."

"అయితే కాళ్ళతో తొక్కే పెద్దపెట్టె అన్నమాట. కాళ్ళు చూపించాడా?"

"లేదండి, మఠం వేసుక్కూర్చున్నాడు."

"మఠం వేసుకుని రెండు చేతులతో వాయిస్తుంటే గాలెవరు కొట్టారండీ, మీరా?"

దొరికిపోయాను. తలొంచుకుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయనకి నవ్వు మొదలైంది, దానివెంట దగ్గు. "అంటే కిరీటం రాజు నెత్తికెక్కేముందు మన పెట్టె మీదే ఉందన్నమాట" అన్నారు. దగ్గు తగ్గాక పలక మీద ఏం రాయాలో చెప్పారు. నేను వెళ్ళి రాశాను. "ముందే రండి. కిరీటం చూడండి."

ఆ వారం చివర్లోనే ఆయన పోయారు. చర్చిలో పిల్లలు పెట్టె లేకుండానే పాడారు. ఒకళ్ళ గొంతు పైన, ఒకళ్ళది కింద, మధ్యలో ఎవరూ లేరు. ఏమీ రాని నా చెవికి కూడా అది తెలిసింది. ఆ చెవి ఇచ్చింది ఆయనేనని అప్పుడు గుర్తొచ్చి, నలుగురిలో ఏడ్చాను.

తర్వాతి ఆదివారం మాట్నీకి ఒక్కణ్ణే వెళ్ళాను. మేనేజరు పలక తుడవలేదు. నేను రాసిన అక్షరాలు అలాగే ఉన్నాయి. సోడా బండి దగ్గర ఒక్కరూ లేరు, దాని ఆసామీ కూడా లేడు. టికెట్టు కొనుక్కుని లోపల కూర్చున్నాడు. జనమంతా పది నిమిషాలు ముందే వచ్చేశారు. లైట్లు ఆర్పారు. వచ్చింది వరినాట్ల మీద డాక్యుమెంటరీ. బురద, నారుకట్టలు, వంగిన నడుములు. ఎవరూ లేచి వెళ్ళలేదు. నా వెనక పెనుగొలను నించి వచ్చిన రైతు ఎవరో గుసగుసగా, "కిరీటం ఎప్పుడొస్తుందండీ?" అని అడిగాడు. "చూస్తూ ఉండండి" అన్నాను. హాలు హాలంతా ఆ బురద వంకే చూస్తూ కూర్చుంది.